జుమేరాత్ బజార్ షేర్వానీ

మా ఇంట్లో గోడకు అబ్బా నికాహ్ ఫోటో ఒకటి ఉంటుంది. నల్ల షేర్వానీ తొడుక్కుని, సెహ్రా ముఖం మీంచి పక్కకు తీసి, నిటారుగా నిలబడి ఉంటాడు. ఇంటికొచ్చిన నా తెలుగు మిత్రులు ఆ ఫోటో చూడగానే అడిగే మాట ఒకటే: "మీది నవాబుల ఖాందానా?"

కొన్నాళ్లు నవ్వి ఊరుకునేవాణ్ణి. అబద్ధం దేనికి, ఆ ప్రశ్న నాకు లోలోపల ముద్దుగానే ఉండేది. కాదని చెప్పబుద్ధి కాలేదు. కానీ వయసు మీద పడేకొద్దీ ఆ ప్రశ్న వెనక ఏముందో అర్థమైంది. హైదరాబాద్‌లో ముసల్మాన్ అంటే ఒకప్పుడు ఏలినవాడు, ఇప్పుడు చితికినవాడు. ఈ రెండు బొమ్మలే వాళ్ల తలలో ఉన్నాయి. ఎప్పుడూ ఏలనివాడు, మొదటినుంచీ చితికే ఉన్నవాడు వాళ్ల చరిత్రలో లేడు.

మా దాదా జట్కా తోలేవాడు. అబ్బా ఒక దర్జీ దగ్గర కూర్చుని కాజాలు కుట్టేవాడు. ఎన్నో షేర్వానీలకు కాజాలు కుట్టాడు గానీ ఒక్కటీ తనది కాదు. ఫోటోలోని షేర్వానీ ఆయన జుమేరాత్ బజార్‌లో, ఒక గురువారం నాడు, నేలమీద పరిచిన గుట్టలోంచి ఏరుకున్నది. లోపలి అస్తరుకు ఆబిడ్స్‌లోని ఒక పెద్ద షాపు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కుట్టి ఉండేదట. అబ్బాకు ఇంగ్లీషు రాదు. పేరు చదివి కొనలేదు, కుట్టు చూసి కొన్నాడు.

ఆబిడ్స్‌లో కుట్టిన షేర్వానీ పురానాపూల్ దగ్గర నేలమీదికి ఎలా వచ్చింది? ఈ దారి వెంట నడిస్తే మా చరిత్ర కొంత దొరుకుతుంది.

పురానాపూల్ చార్మినార్ కంటే పాతది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. చార్మినార్ 1591 నాటిది. అంటే నగరానికి ముందే వంతెన వచ్చింది. రాజకుమారుడు ప్రియురాలి కోసం వరదలో గుర్రం దూకించాడని, అందుకే తండ్రి వంతెన కట్టించాడని భాగమతి కథ చెప్తారు. చరిత్రకారుల్లో చాలామంది దాన్ని ఒప్పుకోరు. వ్యాపారం సంగతి మాత్రం ఎవరూ కాదనరు. అటు గోల్కొండ, దారిలో సాహుకార్లు, బిడారులు నిండిన కార్వాన్, ఇటు కొత్త నగరం. సరుకు దాటాలంటే నది దాటాలి. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ వంతెనను పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనతో పోల్చాడు. మా బస్తీ మొదటినుంచీ బజారు దారే.

ఆ పారిస్‌లోనే రెండు వందల ఏళ్ల తర్వాత ఒక కొత్త రకం దుకాణం పుట్టింది. 1852లో అరిస్టీడ్ బుసికో బాన్ మార్షే అనే షాపులో భాగస్వామిగా చేరి దాన్ని మార్చేశాడు. వస్తువు మీద ధర రాసిపెట్టాడు. ఎవరైనా లోపలికి రావచ్చు, చూడవచ్చు, కొనకుండా పోవచ్చు. నచ్చకపోతే తిరిగివ్వచ్చు. బట్టలూ టోపీలూ ఇంటి సామానూ ఒకే కప్పు కింద. డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటే ఇదే. ఆ పద్ధతి ఇంగ్లీషువాళ్ల వెంట మన దేశానికీ వచ్చింది. మద్రాసులో స్పెన్సర్స్, కలకత్తాలో మొదలై అనేక నగరాలకు పాకిన వైట్‌వే లెయిడ్లా అలాంటివే.

హైదరాబాద్‌లో ఆ రుచి చూపించినవాడు ఆల్బర్ట్ ఆబిద్. ఆర్మేనియన్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఖాస్ నౌకరు. నిజాం దుస్తులూ, వాచీలూ, బూట్లూ చూసుకోవడం అతని పని. నిజాం వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదంటారు. పురానీ హవేలీకి వెళ్తే ఆయన బట్టల కోసం కట్టిన రెండంతస్తుల చెక్క బీరువాల వరస, పైకెక్కడానికి చేత్తో తిప్పే లిఫ్టు ఇప్పటికీ చూడవచ్చు. ప్రభువు వద్దన్న వస్తువులు ఆబిద్ చేతికొచ్చేవని, అవే తిరిగి ప్రభువుకే అమ్ముడుపోయేవని నగరంలో కథలున్నాయి. కథ ఎంత నిజమో గానీ, షాపు నిజం. విదేశీ సరుకు అమ్మిన ఆ షాపు పేరే పేట పేరైంది. రాజ్యం పోయింది, షాపు పోయింది, ఆబిడ్స్ మాత్రం మిగిలింది.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు అందరూ బీరువా గురించి చెప్తారు. ఆ బట్టలు ఉతికినవాళ్ల గురించి, ఇస్త్రీ చేసినవాళ్ల గురించి, కాజాలు కుట్టినవాళ్ల గురించి ఎవరు చెప్పారు?

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. చనిపోయినవాళ్లు 15 వేలని చెప్తారు. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. పురానాపూల్ దెబ్బలు తిని కూడా నిలబడింది. నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నదెవరో వేరే చెప్పనక్కర్లేదు. మునిగినవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు, మాల మాదిగలూ ఉన్నారు, చాకలివాళ్లూ ఉన్నారు. నదికి మతం లేదు గానీ, మునగడానికి కులమూ వర్గమూ ఉన్నాయి.

వరద తర్వాత నగరాన్ని కొత్తగా దిద్దారు. విశ్వేశ్వరయ్య వచ్చాడు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేశారు, రోడ్లు వెడల్పు చేశారు. అలా వచ్చిందే ఇప్పుడు మనం చూసే పత్తర్‌గట్టీ. మదీనా చౌరస్తా దాటితే చార్‌కమాన్ వైపు రోడ్డుకు రెండు పక్కలా ఒకే తీరు రాతి కమానులు. వాటి కింద నీడలో నడక, లోపల దుకాణాలు, మీద అంతస్తు. ఎండా వానా తగలకుండా ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా బజారు చేయవచ్చు. 1935లో మొజంజాహీ మార్కెట్ కూడా రాతితోనే లేచింది. నిజాం రెండో కొడుకు మొజంజా పేరు దానికి పెట్టారు. బోర్డుకు పెద్ద ఆయనే.

నా దృష్టిలో పత్తర్‌గట్టీయే మా డిపార్ట్‌మెంట్ స్టోర్. ఒక్క యజమాని లేడు, అంతే తేడా. కమానుల కింద బట్ట, షేర్వానీ, అత్తరు, కితాబులు. కొంచెం ముందుకెళ్తే గుల్జార్ హౌజ్ దగ్గర ముత్యాలు, నగలు. చార్మినార్ దాటి తిరిగితే లాడ్ బజార్‌లో గాజులు. దుకాణదార్లలో ముసల్మానులున్నారు, బోహ్రాలున్నారు, మార్వాడీలూ గుజరాతీలూ ఉన్నారు. ఇది ముస్లిం బజారని బయటివాళ్లు పెట్టిన పేరు. గల్లా పెట్టె దగ్గర ఎవరు కూర్చున్నారో చూసినవాడు ఆ మాట అనడు.

మా దాదా ఈ బజారును జట్కా మీంచి చూశాడు. దేవిడీల బేగమ్‌లు పరదా కట్టిన బండ్లలో వచ్చేవాళ్లట. దిగేవాళ్లు కాదు. దుకాణదారే గుమాస్తాతో తాన్లు మోయించుకుని బండి దగ్గరకు వచ్చి, పరదా సందులోంచి లోపలికిచ్చేవాడు. నచ్చినవి ఉంచుకునేవాళ్లు, మిగతావి బయటికొచ్చేవి. డబ్బు అప్పటికప్పుడు ఇచ్చేవాళ్లు తక్కువ. ఖాతాలో రాసుకునేవాళ్లు. ఎండలో గుర్రం పగ్గం పట్టుకుని దాదా నిలబడేవాడు. పత్తర్‌గట్టీ కమానుల నీడ ఆయన గుర్రానికి అందేది కాదు.

"మీరెప్పుడైనా లోపలికి వెళ్లి కొన్నారా దాదా?" అని చిన్నప్పుడు అడిగాను. "బేటా, దుకాణం తలుపు ఎవరూ మూయలేదు. మా కాళ్లే ఎక్కలేదు" అన్నాడు. బాన్ మార్షే నియమం కాగితం మీద మంచిదే. ఎవరైనా లోపలికి రావచ్చు. కానీ మెట్లెక్కడానికి ధైర్యం కావాలి, ధైర్యానికి జేబు కావాలి. పండక్కి మా ఇంటికి బట్ట వచ్చేది జుమేరాత్ బజార్ నుంచే.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. జిల్లాల్లో ఏం జరిగిందో చూసిరమ్మని పంపిన సుందర్‌లాల్ కమిటీ, 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. అమ్మీ వాళ్లు అప్పుడే మెదక్ పల్లెనుంచి నగరానికి వచ్చారు. ఒక ట్రంకు పెట్టె, ఇద్దరు పిల్లలు, నోటినిండా తెలుగు. అమ్మీకి చివరిదాకా ఉర్దూ కంటే తెలుగే బాగా వచ్చు. పత్తర్‌గట్టీలో ఆమె మాట విని దుకాణం కుర్రాళ్లు "దేహాతీ" అని నవ్వేవాళ్లు. ఆబిడ్స్‌లో ఆమె బుర్ఖా చూసి తెలుగువాళ్లు హిందీలో మాట్లాడేవాళ్లు. ఆమె తెలుగులో జవాబిస్తే ఆశ్చర్యపోయేవాళ్లు. ఏ బజారులోనూ ఆమె పూర్తిగా ఆ ఊరి మనిషి కాలేకపోయింది.

1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. నిజాం సైన్యం అప్పటికే పోయింది. కచేరీల్లో కొలువులు పోయాయి. ఖాతాలున్న దేవిడీల మీద దుకాణదార్ల బాకీలు, సాహుకార్ల అప్పులు పడ్డాయి. ఇక హర్రాజు మొదలైంది. మంచి మంచి ఝూమర్లు, చైనా పింగాణీ పెద్ద వ్యాపారుల చేతికి పోయాయి. వాళ్లు వద్దన్నవి, విరిగినవి, మాసినవి బండ్ల మీద పురానాపూల్ వైపు వచ్చాయి. పాన్‌దాన్లు, ఉగాల్‌దాన్లు, కాలు లేని కుర్చీలు, షేర్వానీలు. ఆబిడ్స్‌లో ఖాతాకు కుట్టించిన కోటు జుమేరాత్ బజార్‌లో నగదుకు అమ్ముడైంది. కుట్టించుకున్న నవాబు దుకాణం బాకీ తీర్చాడో లేదో తెలియదు. కాజాలు కుట్టే అబ్బా మాత్రం రొక్కం లెక్కపెట్టి ఇచ్చాడు.

నవాబులు చితికిపోయారని కన్నీళ్లు పెట్టుకుని రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. చితికిన నవాబు కోటు మా ఇంట్లో పెళ్లి బట్ట అయింది. ఆయన పతనమూ మా పండుగా ఒకే గుట్టలో దొరికాయి. మరి ఆయన చరిత్రే నా చరిత్ర అని నన్నెలా ఒప్పుకోమంటారు? నిజాం పాలన పేరు చెప్పి నన్ను నిలదీసేవాళ్లకూ, నిజాం పాలన పేరు చెప్పి నన్ను మురిసిపొమ్మనేవాళ్లకూ నా జవాబు ఒకటే. ఆ ఖాతాలో మా పేరు లేదు. బాకీ మమ్మల్ని కట్టమనకండి.

ఇంకో మాట. హర్రాజు అన్న ముక్క ఎవరిది? అరబ్బీ నుంచి వచ్చింది, ఉర్దూలో ఉంది, తెలంగాణ పల్లెలో చెరువు చేపల హర్రాజు కూడా అదే. దుకాణం, బజారు, ఖరీదు, బాకీ, రసీదు, జమా, ఖర్చు, నగదు, జేబు, రుమాలు. ఇవి తీసేసి ఒక్క పూట తెలుగులో బజారు చేసి చూడండి. మమ్మల్ని తెలుగునుంచి బయట నిలబెట్టేవాళ్లు ఉప్పు కొనడానికి వెళ్లినా మా మాటలతోనే బేరమాడతారు. అలాగే అమ్మీ తెలుగు లేకపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. మాటలకు లేని సరిహద్దు మనుషులకు గీసిందెవరు?

2007లో మే నెలలో మక్కా మసీదులో, ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల దగ్గర బాంబులు పేలాయి. ఆ తర్వాత రంజాన్ బట్టల కోసం నగరం నడిమధ్యన ఒక పెద్ద షాపుకు వెళ్లాను. దాదా ఎక్కలేకపోయిన మెట్లు నేను ఎక్కగలనన్న గర్వం కొంచెం ఉంది. నా ముందున్నవాళ్ల సంచులు ఒకసారి చూశారు. నా టోపీ చూసి నా సంచి రెండుసార్లు వెతికారు, పేరు అడిగారు, ఏం కొంటారని అడిగారు. దాదాను ఆపింది జేబు. నన్ను ఆపింది పేరు. బట్ట కొనకుండానే దిగి వచ్చేశాను.

తిరుగు దారిలో పురానాపూల్ మీద ఆగాను. పక్కన కొత్త వంతెన వచ్చాక పాత వంతెన మీద కూరగాయల బజారు పెరిగింది. 22 కమానుల మీద టమాటా, కొత్తిమీర, చింతచిగురు. 1990 డిసెంబర్ అల్లర్లప్పుడు కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో అమ్మీ పరుగెత్తింది కూరగాయల కోసమే. ధూల్‌పేట ఆడవాళ్లు, మా గల్లీ ఆడవాళ్లు ఒకే బండి చుట్టూ మూగి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉల్లిగడ్డలు ఏరుకున్నారట. చివరికి ఒకామె "మీ వైపు పాలు దొరుకుతున్నాయా?" అని అడిగిందట. అమ్మీ ఆ మాట చాలాసార్లు చెప్పేది.

ఆ బండి దగ్గర సంచి వెతికేవాడు లేడు. పేరు అడిగేవాడు లేడు. చూడవచ్చు, పట్టుకుని చూడవచ్చు, బేరమాడవచ్చు, కొనకుండా పోవచ్చు. బుసికో రాసుకున్న నియమం మా బస్తీలో ఎవరూ రాయకుండానే నడుస్తోంది. పత్తర్‌గట్టీ రాళ్ల గురించి, మొజంజాహీ గడియారం గురించి రాసేవాళ్లు ఈ వంతెన మీది తట్టల గురించి కూడా రాయాలి. నగరాన్ని బతికించింది ఇవే.

ఫోటో ఇంకా గోడకే ఉంది. మొన్న మా అబ్బాయి స్నేహితుడు వచ్చి చూసి, "అంకుల్, మీరు నవాబులా?" అన్నాడు.

"కాదు బేటా" అన్నాను. "ఆ షేర్వానీ జుమేరాత్ బజార్‌ది. మా అబ్బా నగదిచ్చి కొన్నాడు."