కవర్‌స్లిప్: సూక్ష్మదర్శిని కింద పలుచని గాజుమూత

సూక్ష్మదర్శినితో పరిశీలించవలసిన పదార్థాన్ని స్లయిడు అనే గాజుపలకపై ఉంచి, దానిపై కప్పే అతి పలుచని గాజుబిళ్లను కవర్‌స్లిప్ లేదా కవర్‌గ్లాస్ అంటారు. పాఠశాలలో ఉల్లిపొర కణాలను చూసినవారందరికీ ఇది పరిచితమే. 18 లేక 22 మిల్లీమీటర్ల భుజం గల చతురస్రాకారపు బిళ్లలు విరివిగా వాడుకలో ఉన్నాయి. కింది పలక మందం సుమారు 1 మిల్లీమీటరు కాగా, ఈ మూత మందం అందులో ఆరో వంతు మాత్రమే.

గాజుకు పూర్వం ఈ పని చేసినది అభ్రకం. నెల్లూరు, గూడూరు ప్రాంతవాసులు కాకిబంగారమని పిలుచుకునే ఖనిజమే అది. పొరలు పొరలుగా చీలే గుణం ఉన్నందున, 18వ శతాబ్దిలో ఐరోపా పరిశీలకులు రెండు అభ్రకపు బిళ్లల నడుమ వస్తువును ఇరికించి, దంతపు పట్టీలలో బిగించి చూసేవారు. సుమారు 1840 నాటికి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ సమీపాన ఛాన్స్ సోదరుల కర్మాగారం తగినంత పలుచని గాజును తయారుచేయడంతో అభ్రకం క్రమంగా వెనుకబడింది.

కవర్‌స్లిప్ కేవలం దుమ్ము పడకుండా కాపాడే మూత కాదు. నీటిబొట్టు సహజంగా ఉబ్బుగా నిలుస్తుంది. దానిని అణచి, అంతటా ఒకే మందం గల పొరగా పరచేది ఇదే. అంతకన్న ముఖ్యమైనది, వెలుగు ఈ గాజు గుండా వంగి వస్తుందన్న లెక్కతోనే కటకాలను తయారుచేస్తారు. కటకపు గొట్టంపై చెక్కి ఉండే 0.17 అనే అంకె ఆ గాజు మందమే. మూత మందం మారితే బొమ్మ అలుక్కుపోతుందని గుర్తించిన లండన్ కటక నిర్మాత ఆండ్రూ రాస్ 1837లోనే దానికి సవరణ ఏర్పాటును వివరించాడు. 10 రెట్ల కటకానికి ఈ తేడా లెక్కలోనిది కాదు. 40 రెట్ల కటకంలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ఈ మాట హోసూరు, కోలారు, హిందూపురం, పలమనేరు ప్రాంతాల పట్టు రైతులకు దూరమైనది కాదు. పట్టుపురుగులకు సోకే పెబ్రిన్ వ్యాధి తల్లి నుండి గుడ్లలోకి సంక్రమిస్తుంది. 1865లో ఫ్రాన్సు దేశపు అలెస్ ప్రాంతంలో ఈ తెగులుపై పరిశోధన ఆరంభించిన లూయీ పాశ్చర్, గుడ్లు పెట్టిన తల్లి పురుగునే పరీక్షించే పద్ధతిని రూపొందించి, 1870లో గ్రంథంగా వెలువరించాడు. నేటికీ గుడ్ల ఉత్పత్తి కేంద్రాలకు ఆ పద్ధతియే ఆధారం. గుడ్లు పెట్టిన రెక్కలపురుగును క్షార ద్రావణంలో నూరి, ఒక బొట్టు స్లయిడుపై వేసి, కవర్‌స్లిప్ కప్పి, సుమారు 600 రెట్లు పెంచి చూస్తారు. మిల్లీమీటరులో వెయ్యవ వంతులు మూడు, నాలుగు పొడవు గల, మెరిసే కోలగింజల వంటి బీజాలు కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేస్తారు. కనిపించక తప్పిపోతే, తట్టలకు తట్టలు పురుగులు గూడు కట్టకుండానే నశించవచ్చు. మల్బరీ ఆకు, నెల శ్రమ, అప్పు అన్నీ ఆ ఒక్క చూపుపై ఆధారపడి ఉంటాయి.

కనుక మూత వేయడంలోనూ జాగ్రత్త అవసరం. బిళ్లను అంచులతోనే పట్టుకొని, ఒక అంచును బొట్టుకు తాకించి, సూది ఆధారంగా ఏటవాలుగా మెల్లగా దించాలి. ఒక్కసారిగా వదిలితే గాలిబుడగలు చిక్కుకుంటాయి. నల్లని దట్టమైన అంచు గల గుండ్రని బుడగను చూసి కొత్తవారు ఏదో జీవి అనుకోవడం కద్దు. అధిక ద్రవాన్ని అద్దుడు కాగితంతో పీల్చాలి. వర్షాకాలపు తేమకు బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తెలియక రెండింటిని కలిపి కప్పితే మందం రెట్టింపై, ఎంత తిప్పినా బొమ్మ తేరదు.

కొనేటప్పుడు పెట్టెపై నంబరు చూడాలి. 1వ నంబరు 0.13 నుండి 0.16 మిల్లీమీటర్లు, ఒకటిన్నర నంబరు 0.16 నుండి 0.19 మిల్లీమీటర్లు ఉంటుంది. కటకపు లెక్కకు దగ్గరది రెండవదే. రక్తకణాల లెక్కింపు గదిపై మాత్రం ఈ పలుచని బిళ్లలు పనికిరావు. ద్రవపు తలతన్యతకు అవి వంగి, 0.1 మిల్లీమీటరు ఉండవలసిన లోతు మారి, కణాల లెక్క తప్పుతుంది. అందుకు ప్రత్యేకించిన మందపాటి గాజుమూతలు వేరుగా లభిస్తాయి.

వాడిన బిళ్లలను చెత్తకుప్పలో పారవేయరాదు. నేలపై పడితే కంటికి కానరావు. వట్టి కాలికి గుచ్చుకుంటే ముక్క తీయడం కష్టం. గట్టి మూత గల డబ్బాలో విడిగా వేసి ఉంచాలి.