టైఫాయిడ్‌కి వైడాల్ టెస్ట్: రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు?

జ్వరం నాలుగు రోజులైనా తగ్గకపోతే చాలామంది మొదట చేయించేది వైడాల్ టెస్ట్. రిపోర్టులో 'పాజిటివ్' అని ఉంటే టైఫాయిడ్ అని తేల్చేసి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. కానీ ఈ ఒక్క టెస్టుతో టైఫాయిడ్ ఉందని గానీ, లేదని గానీ గట్టిగా చెప్పలేం.

వైడాల్ ఏం చూస్తుంది?

కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా ఒంట్లో చేరే సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా వల్ల టైఫాయిడ్ వస్తుంది. 1896లో ఫ్రెంచ్ వైద్యుడు ఫెర్నాండ్ వైడాల్ పేరు మీద వచ్చిన ఈ పరీక్ష రక్తంలో ఆ క్రిమిని వెతకదు. దాని మీద పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను కొలుస్తుంది. రిపోర్టులో 'ఓ', 'హెచ్' పక్కన కనిపించే 1:80, 1:160 అంకెలు వాటి మోతాదుకు గుర్తు.

ఎక్కడ తప్పుతుంది?

గతంలో టైఫాయిడ్ వచ్చినవాళ్లకు, టీకా వేయించుకున్నవాళ్లకు, ఒక్కోసారి మలేరియా ఉన్నవాళ్లకు కూడా పాజిటివ్ రావొచ్చు. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ ఈ యాంటీబాడీలు కొంత ఉంటాయి. మరోవైపు, జ్వరం మొదలైన మొదటి వారంలో యాంటీబాడీలు సరిగ్గా తయారుకావు కాబట్టి నిజంగా జబ్బు ఉన్నా నెగెటివ్ రావొచ్చు.

10 నుంచి 14 రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తే కొంత నమ్మకం. అంత ఆగేవాళ్లు తక్కువ. చాలా ర్యాపిడ్ కిట్లు కూడా యాంటీబాడీల మీద ఆధారపడ్డవే.

బ్లడ్ కల్చర్ సంగతేంటి?

ఇందులో రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూస్తారు. సాల్మొనెల్లా టైఫీ పెరిగితే జబ్బు ఖాయమైనట్టే. ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. ఫలితానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇదీ నూటికి నూరుపాళ్లు కాదు. 100 మంది టైఫాయిడ్ రోగుల్లో దాదాపు 60 మందిలోనే క్రిమి దొరుకుతుంది. మొదటి వారంలో, యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తం ఇస్తే దొరికే అవకాశం ఎక్కువ. ఎముక మజ్జ కల్చర్ ఇంకా కచ్చితమైనదే గానీ, నొప్పితో కూడుకున్నది కాబట్టి మామూలుగా చేయరు.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

వైడాల్ చూసి సొంతంగా మందులు కొనొద్దు. అసలు జబ్బు డెంగీయో, మలేరియానో అయితే విలువైన రోజులు వృథా అవుతాయి. యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందు "బ్లడ్ కల్చర్ అవసరమా డాక్టర్‌గారూ?" అని అడగాలి. జ్వరం తగ్గాక కూడా వైడాల్ నెలల తరబడి పాజిటివ్‌గా ఉండొచ్చు, కాబట్టి నయమైందో లేదో చూడ్డానికి మళ్లీ చేయించడం దండగ. జ్వరంతో పాటు కడుపు విపరీతంగా నొప్పి పెట్టినా, మలంలో రక్తం పడినా, మనిషి మగతగా ఉన్నా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.