మూడు వారాల గడువు

తట్టు, ఆటలమ్మ, గవదబిళ్లలు మనకు తెలిసినవే. సైటోమెగాలో వైరస్ పేరు మాత్రం చాలామంది తల్లులు విని ఉండరు. కడుపులో ఉండగానే బిడ్డకు సోకి, కొందరి వినికిడిని పోగొట్టే ఈ వైరస్ ఆచూకీ తీయడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి.

1881లో జర్మనీలో రిబ్బర్ట్ అనే వైద్యుడు, చనిపోయి పుట్టిన ఒక శిశువు మూత్రపిండాల్లో అసాధారణంగా ఉబ్బిన కణాలను చూశాడు. అవేమిటో ఆయనకు అంతుబట్టలేదు. ఆ తరువాత దశాబ్దాల తరబడి, బిడ్డ పోయాక కోసి చూస్తేనే జబ్బు తెలిసేది. 1952లో అమెరికాలో ఫెటర్‌మన్ అనే వైద్యుడు పసిబిడ్డ మూత్రంలోనే ఆ కణాలను గుర్తించాడు. బిడ్డ బతికుండగానే జబ్బు పట్టుకునే దారి దొరికింది.

సెయింట్ లూయిస్ నగరంలో మార్గరెట్ స్మిత్ అనే శాస్త్రవేత్త, మరణించిన ఒక శిశువు లాలాజల గ్రంథి నుంచి వైరస్‌ను వేరుచేసింది. అది ఎలుకల వైరస్ అయి ఉంటుందని ఆమె వ్యాసాన్ని తిప్పి పంపారు. ఆమె వదలలేదు. మరో బిడ్డ మూత్రపిండం నుంచి మళ్లీ తీసి చూపించింది. 1956లో ఆ వ్యాసం అచ్చయింది. అదే కాలంలో రో, వెల్లర్ కూడా విడివిడిగా దీన్ని కనుగొన్నారు.

జబ్బును పట్టుకోవడం ఒక ఎత్తు, మందు కనిపెట్టడం ఒక ఎత్తు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సాధారణంగా మందే అక్కరలేదు. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికి, ఎయిడ్స్ రోగులకు మాత్రం ఇది ప్రమాదం. ఎయిడ్స్ రోగుల చూపు కాపాడడానికి 1989లో అమెరికాలో గాన్‌సిక్లోవిర్‌కు అనుమతి వచ్చింది. జబ్బు లక్షణాలతో పుట్టిన బిడ్డలకు ఆరు వారాలు నరానికి ఎక్కిస్తే వినికిడి నిలబడుతోందని 2003లోను, నోటి మందు ఆరు నెలలు వాడితే మరికొంత మేలని 2015లోను తేలింది. దీనివల్ల తెల్లకణాలు తగ్గవచ్చు కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. సోకిన ప్రతి బిడ్డకూ ఈ మందు ఇవ్వరు.

అసలు చిక్కు గడువుతోనే. పుట్టిన 21 రోజుల లోపల మూత్రం గాని, లాలాజలం గాని పరీక్షించాలి. అది దాటితే వైరస్ కడుపులో సోకిందో, పుట్టాక సోకిందో తేల్చడం కష్టం. అందుకని పురిటి బిడ్డ వినికిడి పరీక్షలో నెగ్గకపోతే “తర్వాత చూద్దాంలే” అనుకోకుండా, ఈ పరీక్ష సంగతి డాక్టరుగారిని వెంటనే అడగండి.

గర్భిణులకు ఒక మాట. వృథా పోతుందని పెద్దపిల్లాడి కంచంలో ఎంగిలి ముద్ద తినడం మనకు అలవాటే. ఆ తొమ్మిది నెలలూ మానండి. చొంగ తుడిచినా, పక్కబట్టలు మార్చినా సబ్బుతో చేతులు కడుక్కోండి. పైసా ఖర్చులేని జాగ్రత్త ఇది.