బెత్తెడు చాకు

చాకు, జేబు – ఈ రెండు మాటలూ అచ్చ తెలుగు కావు. జేబు అరబ్బీలో పుట్టి పారసీకం మీదుగాను, చాకు తుర్కీలో పుట్టి అదే పారసీకం మీదుగాను వచ్చి, ఉర్దూ గుమ్మం దాటి మన యింట చేరాయి. నేటికీ తుర్కీ భాషలో ‘చకి’ అనగా మడిచి జేబులో వేసుకొనే చిన్న కత్తియే. జేబు రాకముందు మనవారికి రొంటి ఉండేది. పొడుం డబ్బీ, వక్కాకు తిత్తి, నాలుగు కాసులు, అన్నీ అక్కడే. రొంటిన దోపుకొన్న వస్తువు వంగినప్పుడు పొట్టలో గుచ్చుకొనరాదు, నడిచినప్పుడు జారిపడరాదు. చాకును ఎన్నుకొనే శాస్త్రమంతా ఈ రెండు షరతులలోనే ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం.

ఈ ప్రస్తావన ఎందుకు వచ్చిందంటే, నాబోటి విశ్రాంత ఉపాధ్యాయులే అయిన ఒక మిత్రులు సంప్రదాయపు మడతచాకు ఒకటి కొనదలచి, “ఏ ఉక్కుతో చేసినది మంచిది మాస్టారూ? పూర్వం డమాస్కస్ కత్తులకు మన ఉక్కే వెళ్లేదట కదా, అటువంటిది దొరుకుతుందా?” అని అడిగారు. బడిపంతులును వెల అడిగితే చరిత్ర చెబుతాడు. ఉక్కు మూడో సంగతి, మొదటిది జేబు, రెండోది స్ప్రింగు అని నేనంటే ఆయన నొచ్చుకున్నారు. మన ఉక్కును చిన్నబుచ్చానని ఆయన బాధ. ఆ బాధకు సమాధానంగానే ఈ టపా.

మడిచే కత్తి చాలా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికినది క్రీస్తుకు పూర్వం ఐదారు శతాబ్దాల నాటిదంటారు. రోమనుల మడతకత్తులు యూరపు మ్యూజియములలో చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఒకే పిడిలో కత్తి, చెంచా, ముల్లుగరిటె మడిచిపెట్టిన రోమనుల నాటి వెండి పనిముట్టు ఒకటి ఉన్నది. అయితే ఆనాటి సామాన్యమైన మడతకత్తిలో అలుగును పట్టి ఉంచేది శీల బిగువు మాత్రమే. శీల వదులైతే అలుగు తనంతట తాను తెరుచుకొంటుంది. రొంటిన ఉన్నప్పుడు తెరుచుకొంటే ఏమౌతుందో చెప్పనక్కరలేదు.

మన దక్షిణదేశంలో ఈ అవసరం వ్రాతగాళ్లకు కలిగింది. తాటాకు మీద వ్రాయాలంటే గంటం ఒక్కటే చాలదు, ఆకు అంచులు కత్తిరించి సరిచేయడానికి కత్తి కూడా కావాలి. అందుచేత ఒకే పిడికి ఒక కొసన గంటం, ఒక కొసన చిన్న కత్తి అమర్చి, రెండూ పిడిలోకి ముడుచుకొనేటట్లు చేశారు. తమిళులు ముడుచుకొనే గంటానికి ‘మడక్కెళుత్తాణి’ అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. మడక్కు అంటే మడత, ఎళుత్తాణి అంటే గంటం. యూరపులో ఈక కలమును చెక్కే కత్తికి పెన్‌నైఫ్ అని పేరు వచ్చింది. పారసీకులు, వారి వెంట ఉర్దూవారు, రెల్లుకలం చెక్కేదానిని ‘కలంతరాష్’ అన్నారు. మూడు దేశాలు, మూడు కలాలు, ప్రక్కన ఒక్కటే కత్తి! చిన్న చాకు సైనికుడి సొత్తు కాదు, లేఖకుడి సొత్తు. 19వ శతాబ్దపు తొలి దశకాలలో బర్మింగ్‌హాం పట్టణం ఉక్కు పాళీలను రాశులు రాశులుగా పోయడం మొదలుపెట్టాక పెన్‌నైఫుకు పెన్నుతో పని పోయింది. పేరు మాత్రం నిలిచింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి మా తరగతులలో పెన్సిలు చెక్కేది అర బ్లేడు. పిల్లల వ్రేళ్ల మీద ఆ బ్లేడు గాట్లు ఎన్ని చూశానో! పిడి లేని పదును కన్నా ప్రమాదం లేదు.

ఇక స్ప్రింగు. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణం 14వ శతాబ్దం నాటికే కత్తులకు ప్రసిద్ధి. ఛాసర్ కవి తన కథలలో ఒక పిండిమర యజమాని దగ్గర షెఫీల్డు కత్తి ఉన్నట్లు వ్రాశాడు. 1624లో పార్లమెంటు చట్టం ద్వారా అక్కడి కత్తి పనివారి సంఘం ఏర్పడింది. ఆ శతాబ్దంలోనే మడతచాకుకు వెన్ను స్ప్రింగు అమర్చే పద్ధతి స్థిరపడింది. కుట్టు జేబులు మగవారి దుస్తులలో మామూలైపోయినదీ ఇంచుమించు ఆ కాలమే. ఈ రెంటికీ సంబంధం లేదనుకోవడం కష్టం.

దాని పనితీరు చూడండి. పిడి వెన్ను పొడుగునా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. అలుగు మొదలును పలకలుగా చెక్కుతారు. మూసినప్పుడు ఒక పలక మీద, తెరచినప్పుడు మరొక పలక మీద పట్టీ నొక్కిపట్టి కూర్చొంటుంది. నడుమ తిరిగేటప్పుడు పట్టీ కొద్దిగా పైకి లేచి మళ్లీ టక్కున దిగుతుంది. తాళం లేదు, మీట లేదు. ఇంత బలం పెడితే తెరుచుకొంటుంది, అంత బలం పెట్టనిదే మూసుకొనదు. దీనినే స్లిప్‌జాయింట్ అంటున్నారు. తెరవడానికి అలుగు మీద గోరు పట్టే చిన్న గాడి ఒకటి. (నఖక్షతమని అనువదిస్తే ప్రబంధాలు చదివినవారు మరొకటి అనుకొంటారు గనుక గోటిగాడి అందాం.) స్ప్రింగు గట్టిదైతే గోరు విరుగుతుంది, మెత్తనిదైతే వ్రేలు తెగుతుంది. పనివాడి నేర్పంతా ఈ రెంటి నడుమ ఉన్న సన్నని సందులోనే.

షెఫీల్డులో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు 1740 ప్రాంతాల మూసలో ఉక్కును కరిగించి పోసే పద్ధతిని సాధించాడు. ఆయనకు కావలసినది కత్తి కాదు, గడియారానికి మంచి స్ప్రింగు! ఈ ఉక్కు మరీ గట్టిగా ఉన్నదని ఊళ్లోని కత్తి పనివారు మొదట వద్దన్నారట. ఫ్రాన్సువారు కొనడం మొదలుపెట్టాక గాని వారికి కన్ను తెరపడలేదు.

ఇక మన ఉక్కు మాట. మూసలో ఉక్కు చేయడం దక్షిణదేశపు కమ్మరులకు హంట్స్‌మన్‌కు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. బొంబాయి నుండి హెలినస్ స్కాట్ అనే వైద్యుడు ‘వుట్జ్’ అనే పేరుతో ఆ ఉక్కు ముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. ఆ వుట్జ్ మన ‘ఉక్కు’ మాటకే సీమలో పట్టిన గతి అని పండితులు చెబుతారు. 1795లో జార్జి పియర్సన్ దానిని పరీక్షించి రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. అందులో నన్ను ఆకట్టుకొన్న విషయం ఒకటి ఉన్నది. అధ్యక్షుడి కోరికపై జేమ్స్ స్టోడార్ట్ అనే లండను కత్తుల పనివాడు ఆ ముద్దతో చేసి చూపినది ఖడ్గం కాదు, పెన్‌నైఫు! సాగగొట్టడం మహా కష్టమైనా, పదును మాత్రం తమ మేలైన ఉక్కుకు ఏమాత్రం తీసిపోలేదని తేలింది. తరువాత ఇదే స్టోడార్ట్ కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద 1820, 1822లలో వ్యాసాలు ప్రకటించాడు. వుట్జ్ గుట్టు అల్యూమినియంలో ఉన్నదేమోనని ఫారడే అనుకొన్నాడు. ప్రధానమైన గుట్టు కర్బనమని తరువాతివారు తేల్చారు.

ఆ ముద్దలు తెలుగు నేలవేనని నేను ప్రకటించబోను. కాని అటువంటి ఉక్కు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారయ్యేది. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ కొలుములను స్వయంగా చూశాడు. 1824లో ఆయన మరణించాక, 1832లో ఆ వర్ణనను కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రిక అచ్చువేసింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుండి వచ్చిన వర్తకుడొకడు ఆయనకు ఆ పల్లెలోనే ఎదురుపడ్డాడట. ‘చాకు’ మాట వచ్చిన త్రోవనే మన ఉక్కు ఎదురు వెళ్లిందన్నమాట. మాట మిగిలింది, కొలిమి చల్లారింది.

మా మిత్రులు ఈ మాట వినగానే ఛాతీ విరుచుకొన్నారు. అక్కడే నాకు పేచీ. ఉక్కు ఎంత గొప్పదైనా జేబుచాకు ఉక్కు వల్ల పుట్టలేదు. షెఫీల్డులో ఒకడు అలుగు సాగగొట్టేవాడు, ఒకడు సానపట్టేవాడు, ఒకడు ఎముకో కొమ్మో తొడిగి పిడి అమర్చి స్ప్రింగు సరిచేసేవాడు. ముగ్గురూ తరతరాలుగా అదే పని చేశారు. ఆ నేర్పు ఊరికే రాలేదు. 19వ శతాబ్దపు తొలి సగంలో ఆ ఊళ్లో వైద్యం చేసిన డాక్టరు నైట్ లెక్క ప్రకారం సానపట్టేవారు సుమారు 2,500 మంది. పొడి రాతి మీద ముల్లుగరిటెలు పట్టేవారు 28 నుండి 32 ఏళ్ల లోపలే, తడి రాతి మీద బల్లకత్తులు పట్టేవారు 40 నుండి 50 ఏళ్ల లోపల చనిపోయేవారు. రాతిపొడి ఊపిరితిత్తులలో పేరుకుపోయేది. 1845లో ఎంగెల్స్ తన గ్రంథంలో ఈ లెక్కనే ఉదహరించాడు. గర్వపడేవాళ్లం మన కమ్మరిని తలచుకొందాం, మంచిదే. ఆ సానరాతి ముందు దగ్గినవాడిని కూడా తలచుకొందాం. ఆ స్వతంత్ర పనివారిని అక్కడ ‘లిటిల్ మెస్టర్స్’ అనేవారు. వారిలో పేరెన్నిక గన్న స్టాన్ షా 2021లో, 94వ ఏట కన్నుమూశాడు.

మరి ఏది కొనాలి? మూసినప్పుడు బెత్తెడు ఉండాలి, మరీ అయితే ఇంకొక అంగుళం. ఇది నా మొదటి కొలత. లాల్చీ ప్రక్కజేబు లోతైనదే గాని గుడ్డ పలుచన. బరువైనది వేస్తే ఒక ప్రక్కకు లాగుతుంది, కూర్చొన్నప్పుడు తొడక్రింద చేరుతుంది. ఒకటి రెండు అలుగులకు మించినది వద్దు. షెఫీల్డులో జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీవారు 1822లో ఏడాదికి ఒకటి చొప్పున 1,822 అలుగులతో ఒక చాకు చేశారు. అది మ్యూజియానికి అందం. కొస మొద్దుగా, వాదర తిన్నగా ఉండే ‘గొఱ్ఱె గిట్ట’ అలుగు పండ్లకు, దారాలకు, కవరులకు చాలు, దేనినీ గుచ్చదు. టామ్ సాయర్‌కు మేరీ బహూకరించిన బార్లో చాకు ఈ స్ప్రింగు జాతిదే. పిడి తలవైపు పొడవాటి ఇనుప తొడుగు ఉంటుంది. జారదు, విరగదు.

ఫ్రాన్సులోని సవోయి కొండల్లో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసినది మరొక జాతి. వెన్ను స్ప్రింగు లేదు. గుండ్రని కొయ్యపిడి, ఒక శీల. 1897లో 1 నుండి 12 వరకు కొలతలు ఏర్పరచాడు. 1955లో మెడ దగ్గర తిరిగే ఉంగరపు తాళం చేర్చారు. 8వ నంబరు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, బరువు 45 గ్రాములు అటూ ఇటూ. ఇంత తేలికైనది మరొకటి నేను చూడలేదు. అయితే తేమకు కొయ్య ఉబ్బి అలుగు బిగుసుకొంటుంది. మన కోస్తా వానాకాలానికి ఇది తెలిసి కొనాలి. పిడి అడుగును బల్ల మీద తట్టి అలుగును బయటికి రప్పించే చిట్కా సవోయి రైతులదే. జపానువారి హిగోనోకామిది ఇంకా సాదా వ్యవహారం. మడిచిన రేకు పిడి, బొటనవ్రేలితో నొక్కే తోక, అంతే. పలుచగా ఉంటుంది గనుక చొక్కాజేబుకు అదే మేలు. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలంతా దానితోనే పెన్సిళ్లు చెక్కుకొనేవారు. 1960లో అసనుమా అనే సోషలిస్టు నాయకుడిని ఒక కుర్రవాడు పొట్టికత్తితో పొడిచి చంపాక పిల్లల చేతి నుండి కత్తులన్నిటినీ తీసివేసే ఉద్యమం లేచింది, దానితో ఇదీ పోయింది.

మన దేశంలో చాకుకు చెడ్డపేరు తెచ్చినది రాంపురి. రాంపూర్ పనివారి నేర్పును నేను కాదనను. కాని జానెడు అలుగు, మీట నొక్కితే తెరుచుకొనే తీరు జేబు కోసం ఏర్పడినవి కావు, ఎదుటివాడి కోసం ఏర్పడినవి. హిందీ సినిమాలు మిగిలిన పని పూర్తిచేశాయి. 2023లో ఆ ఊళ్లో ఆరు మీటర్లకు పైగా పొడవున్న చాకును కూడలిలో నిలబెట్టారు. మన 1962 నాటి ఆయుధ నిబంధనలు కూడా 9 అంగుళాల పొడవో, 2 అంగుళాల వెడల్పో మించిన కత్తులనే, అవీ ఇంటిపనికి, సేద్యానికి చేసినవి కాకపోతేనే, ఆయుధాల పట్టికలో చేర్చాయి. తొమ్మిది అంగుళాలంటే సరిగా జానెడు! ఇంగ్లండులో ఉన్న మన పిల్లలు మాత్రం 1988 నాటి చట్టం గుర్తుంచుకోవాలి. అలుగు వాదర 3 అంగుళాలు మించని, తాళం పడని మడతచాకునే కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు. విమానంలో చేతిసంచిలో ఏదీ వద్దు, పెట్టెలో వేసి అప్పగించాలి.

ఇక ఉక్కు. అలల గీతలతో ‘డమాస్కస్’ పేరిట నేడు అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కును పొరలుగా అతికినవే, కోనసముద్రపు ముద్దలతో వాటికి చుట్టరికం లేదు. గీతలకు డబ్బు పోయవద్దు. తుప్పు చూసుకొనే ఓపిక లేనివారు స్టెయిన్‌లెస్ తీసుకోవాలి. ఓపిక ఉన్నవారికి కర్బనపు ఉక్కు. సానరాతి మీద అయిదు నిమిషాలలో దారికి వస్తుంది. పుల్లమామిడి కోసి తుడవకుండా మడిస్తే మరునాటికి అలుగు నీలినలుపు తిరిగి, ముక్కకు ఇనుపవాసన పడుతుంది. కోసిన వెంటనే కడిగి, పంచె చెంగుతో తుడిచి, కీలు దగ్గర ఒక్క చుక్క కొబ్బరినూనె వేయాలి.