వెడల్పు మెడ ఎన్యూరిజమ్‌లకు రక్తనాళాంతర చికిత్స

మెదడుకు రక్తం అందించే ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగవలె ఉబ్బడాన్ని ఎన్యూరిజమ్ అంటారు. ఈ బుడగ ధమనితో కలిసే ద్వారమే దాని మెడ. మెడ 4 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉన్నా, బుడగ వెడల్పు మెడకు రెండు రెట్లకన్నా తక్కువ ఉన్నా దానిని వెడల్పు మెడ ఎన్యూరిజమ్‌గా పరిగణిస్తారు. పుర్రె తెరవకుండా, తొడ లేదా మణికట్టు ధమని గుండా సన్నని గొట్టం పంపి, పరికరాలతో ఈ బుడగను మూసివేయడమే రక్తనాళాంతర చికిత్స.

పెద్దలలో నూటికి సుమారు ముగ్గురికి ఇటువంటి బుడగ ఉంటుందని అంచనా. చాలామందిలో అది జీవితాంతం పగలదు. పగిలితే మాత్రం క్షణాలలో, మునుపెన్నడూ ఎరుగని తీవ్రతతో తలనొప్పి వస్తుంది. దీనిని ఎండదెబ్బ అనో, పార్శ్వపు నొప్పి అనో భావించి ఇంటివద్ద మాత్రలతో కాలయాపన చేయడం ప్రాణాపాయకరం.

చరిత్ర

మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపే ఆంజియోగ్రఫీని 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ ప్రవేశపెట్టాడు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ పుర్రె తెరచి, ఎన్యూరిజమ్ మెడకు వెండి క్లిప్పు బిగించాడు. 1990లో గైడో గుగ్లీల్మి లాస్ ఏంజెలస్‌లో ప్లాటినం తీగచుట్టలను బుడగలో నింపే కాయిల్ పద్ధతిని రోగులపై ప్రయోగించాడు. బుడగ పగిలిన 2,143 మందిపై జరిగి 2002లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధనలో, ఏడాది తరువాత మరణించిన లేదా పరాధీనులైన వారు కాయిల్ పద్ధతిలో 23.7 శాతం, క్లిప్పు పద్ధతిలో 30.6 శాతం.

మెడతో చిక్కు

సన్నని మూతిగల కూజాలో వేసిన గోళీలు కూజాను పక్కకు వంచినా నిలుస్తాయి. వెడల్పు గిన్నెలోనివి దొర్లిపోతాయి. కాయిల్ విషయమూ ఇంతే. మెడ వెడల్పుగా ఉంటే తీగచుట్ట ధమనిలోకి జారి, రక్తప్రవాహాన్ని అడ్డగించి పక్షవాతానికి దారితీయవచ్చు. అందువలన మొదట కాయిళ్ళు నింపేటంతసేపు మెడవద్ద చిన్న బెలూనును ఉబ్బించి ఉంచే పద్ధతి వచ్చింది. 2002 నుండి మెదడుకు ప్రత్యేకించిన స్టెంట్లు కాయిళ్ళకు కంచెగా నిలిచాయి.

2011లో అమెరికా అనుమతి పొందిన పైప్‌లైన్ అనే పరికరం ఆలోచననే మార్చింది. ఇది 48 సన్నని లోహపు తీగల అల్లిక. బుడగలో ఏమీ నింపకుండా, ధమనిలోనే దీనిని పరుస్తారు. ప్రవాహం నేరుగా సాగిపోగా బుడగలోని రక్తం నిలిచి గడ్డకడుతుంది. కొన్ని నెలలలో అల్లికపై కొత్త పొర పెరుగుతుంది. ధమని రెండుగా చీలే చోట ఏర్పడిన బుడగలకు, లోపలనే విచ్చుకొనే వెబ్ అనే తీగబుట్ట 2018 చివర అమెరికాలో అనుమతి పొందింది.

మందుల ఆవశ్యకత

ధమనిలో లోహం ఉన్నంతనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. కనుక స్టెంటు అమర్చినవారు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మందును నెలల తరబడి వాడాలి. క్లోపిడోగ్రెల్ కొందరి శరీరంలో సరిగా పనిచేయదు. భారతీయులలో అట్టివారు తక్కువేమీ కాదు. పంటి చికిత్స కోసమని స్వయంగా ఈ మాత్రలు ఆపివేయరాదు. అప్పుడే పగిలిన బుడగ విషయంలో ఇవే మందులు రక్తస్రావాన్ని పెంచగలవు. కాబట్టి అటువంటి రోగులకు వీలైనంతవరకు స్టెంటు అవసరంలేని మార్గాన్ని ఎంచుకుంటారు.

తెలుగునాట

స్టెంటు తెలుగువారికి కొత్త కాదు. 1990వ దశకంలో హైదరాబాదులో ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు కలిసి రూపొందించిన చవకైన గుండె స్టెంటు కలాం-రాజు స్టెంటుగా పేరుపొందింది. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి చేరువలో, సుల్తాన్‌పూర్ వద్ద 2017లో శంకుస్థాపన జరిగిన వైద్య పరికరాల పార్కులో 2022లో గుండె స్టెంట్ల కర్మాగారం ప్రారంభమైంది.

అయితే గుండె స్టెంటును మెదడులో వాడుకోవడం సులభం కాదు. మెదడు ధమనులు వంకరలు తిరిగి, పలుచని గోడలతో ఉంటాయి. పరికరం సుమారు 0.7 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంగల గొట్టంలో ఇమిడి, మలుపులు దాటి, తనంత తానే విచ్చుకోవాలి. ఇట్టి ప్రవాహ మళ్ళింపు పరికరాలలో ప్రసిద్ధమైనవి విదేశీ సంస్థలవే. 2017 ఫిబ్రవరిలో కేంద్రం విధించిన గరిష్ఠ ధర గుండె స్టెంట్లకు మాత్రమే. ఖర్చులో పరికరం వాటాయే పెద్దది కావడం సామాన్య కుటుంబాలకు మోయలేని భారం.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్ (హైదరాబాదులోని కొండాపూర్ వేరు) వంటి గ్రామాలవారికి ధరకు తోడు దూరమూ సమస్యే. ఈ చికిత్సకు ప్రత్యేక ఆంజియోగ్రఫీ గది, తర్ఫీదు పొందిన నిపుణులు ఉండాలి కనుక సాధారణంగా హైదరాబాదు చేరవలసి వస్తుంది. అకస్మాత్తుగా తీవ్రమైన తలనొప్పి వచ్చినపుడు 108 అంబులెన్సును పిలిచి, సి.టి. స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ముందుగా చేరాలి. పగిలిన బుడగ మళ్ళీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటలలోనే అత్యధికం.