ఆపరేషన్ నోవా: జంతువులకు పడవలు, మనుషులకు లారీలు

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, జాబ్‌కి బ్రేక్ ఇచ్చి ఆఫ్రికా వెళ్లి అడవి జంతువుల కోసం వాలంటీరింగ్ చేద్దామనుకుంటున్నా. వెళ్లొచ్చా?" అని. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసిన కొత్తలో నేను కూడా అదే పని చేయబోయాను. సింహం పిల్లకి పాలసీసా పట్టిస్తున్న ఫొటో చూసి, ఫామ్ నింపి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి ఆగిపోయాను. ఎందుకు ఆగానో చివర్లో చెప్తా. ముందు ఒక పాత కథ వినండి.

మ్యాప్‌లో జాంబియా, జింబాబ్వే మధ్య జాంబెజీ నది కనిపిస్తుంది. 1950ల్లో ఈ రెండూ బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్నాయి. అప్పటి పేర్లు ఉత్తర రొడీషియా, దక్షిణ రొడీషియా. అక్కడి రాగి గనులకూ ఫ్యాక్టరీలకూ కరెంటు కావాలి. దాని కోసం కరీబా దగ్గర 128 మీటర్ల ఎత్తున డ్యామ్ కట్టారు. కట్టేటప్పుడు 1957లో, 1958లో వరుసగా పెద్ద వరదలు వచ్చాయి. ఆ లోయలో ఉండే టోంగా ప్రజలు అది తమ నదీ దేవుడు న్యామి న్యామి కోపం అన్నారు. పనిలో 86 మంది చనిపోయారు. అయినా 1958 డిసెంబర్‌లో నదిని మూసేశారు. నీళ్లు లోయలోకి ఎక్కడం మొదలైంది.

ఇప్పుడు ఆ లోయను ఊహించుకోండి. నీళ్లు పెరిగేకొద్దీ జంతువులు గుట్టలెక్కాయి. గుట్టలు దీవులైపోయాయి. దీవులు రోజురోజుకీ చిన్నవైపోతున్నాయి. తినడానికి గడ్డి లేదు, పోవడానికి దారి లేదు. దక్షిణ రొడీషియా వన్యప్రాణి శాఖలో రూపర్ట్ ఫోథర్‌గిల్ అనే రేంజర్ కొద్దిమందిని వెంటేసుకుని, చిన్న పడవల్లో రంగంలోకి దిగాడు. బైబిల్లో జలప్రళయం వచ్చినప్పుడు జంతువులను ఓడలో ఎక్కించుకున్న నోవా పేరే ఈ పనికీ పెట్టారు. అదే ఆపరేషన్ నోవా.

పని ఎలా చేశారంటే, జింకల్ని నీళ్లలోకి తరిమి, ఈదుతుండగా పట్టుకుని, కాళ్లు కట్టి పడవలో వేసేవాళ్లు. మామూలు తాడుతో కడితే కాళ్లు కోసుకుపోతున్నాయి. ఏం చేయాలి? ఆడవాళ్ల నైలాన్ మేజోళ్లను జడలా అల్లి తాళ్లు చేశారు. మెత్తగా ఉంటాయి, తెగవు. "మీ పాత మేజోళ్లు పంపండి" అని విజ్ఞప్తి చేస్తే జనం పార్సిళ్లు పంపారు. ఖడ్గమృగాల్ని మత్తుమందిచ్చి తెప్పల మీద దాటించారు. పాముల్ని కూడా వదల్లేదు. 1964 వరకు సాగిన ఈ పనిలో 6,000కు పైగా జంతువుల్ని కాపాడారు. చాలావాటిని వదిలిన మటుసడోనా ప్రాంతం ఇప్పుడు నేషనల్ పార్క్. నిజంగా గొప్ప పని అండీ, అందులో సందేహం లేదు.

మరి ఆ లోయలో మనుషులు లేరా? ఉన్నారు. దాదాపు 57,000 మంది టోంగా ప్రజలు. ఏటి ఒడ్డున వరద వదిలిన తడి మట్టిలో పంట వేసుకుని బతికేవాళ్లు. నదికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా చుట్టాలే. వాళ్లని ఖాళీ చేయమన్నారు. చిపేపో అనే పెద్ద కింద ఉన్న ఊళ్లవాళ్లు మేం కదలం అన్నారు. 1958 సెప్టెంబర్ 10న పోలీసులు తుపాకులతో వచ్చారు. వీళ్ల చేతుల్లో బల్లేలున్నాయి. కాల్పుల్లో 8 మంది చనిపోయారు, 30 మందికి పైగా గాయపడ్డారు. మిగతావాళ్లని లారీలెక్కించి లుసీటు అనే చోట దించారు. మరుసటి ఏడాది అక్కడ అంతుచిక్కని జబ్బుతో 50 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. తమ లోయను ముంచి తీసిన కరెంటు ఎన్నో టోంగా ఊళ్లకు దశాబ్దాల పాటు రాలేదు. తీగలు మాత్రం తల మీద నుంచే పోయాయి.

ఒకే లోయ, ఒకే నీళ్లు. జింక కాలు కోసుకుపోకుండా మేజోడు వచ్చింది. మనిషికి వచ్చింది లారీ.

ఇది ఎక్కడో ఆఫ్రికా కథ అనుకోకండి. మన శ్రీశైలం డ్యామ్ కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్ తీసుకెళ్లి మళ్లీ కట్టారు, ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు. జనాన్ని ఖాళీ చేయించడానికి 1981లో ఇళ్లు కూలగొట్టారు. ఆ పనికి పెట్టిన పేరు 'ఆపరేషన్ డెమోలిషన్'. గుడిని కాపాడటం తప్పు అనట్లేదు. ఆ ఓపిక ఇళ్ల మీద ఎందుకు లేదు అంటున్నా.

సరే, నా ఫామ్ సంగతి. సౌతాఫ్రికాలో బోనుల్లో సింహాల్ని పెంచే పెద్ద వ్యాపారం ఉంది. పిల్లల్ని పుట్టిన కొద్దిరోజులకే తల్లి నుంచి విడదీస్తారు. పాలు పట్టడానికి విదేశీ వాలంటీర్లు డబ్బు కట్టి వస్తారు. పెరిగాక అడవిలో వదులుతాం అని చెప్తారు. కానీ మనిషి చేతిలో పెరిగిన సింహం మనిషికి భయపడదు, దాన్ని అడవిలో వదలడం జరిగే పని కాదు. అలా పెరిగిన సింహాల్ని కంచె లోపలే వేటగాళ్లకు అమ్మారు, ఎముకలు ఎగుమతి చేశారు. 2015లో వచ్చిన 'బ్లడ్ లయన్స్' డాక్యుమెంటరీ దీన్నే చూపించింది. 2021లో అక్కడి ప్రభుత్వమే ఈ పెంపకాన్ని ఆపాలని నిర్ణయం ప్రకటించింది. ఇది చదివాక నా వేలు 'పే' బటన్ మీద నుంచి వెనక్కి వచ్చింది.

అందుకే తమ్ముడూ, వెళ్లొద్దు అనట్లేదు. వెళ్లే ముందు మూడు ప్రశ్నలు అడుగు. నేను చేయబోయే పని జంతువుకి అవసరమా, నా ఫొటోకి అవసరమా? ఈ పని జీతానికి చేయగల మనిషి ఆ ఊళ్లోనే లేడా? ఈ అడవిలో ఇంతకుముందు ఎవరుండేవాళ్లు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు? మూడోది ముఖ్యం. దానికి జవాబు చెప్పలేని చోట డబ్బు కట్టకు.

నోవా పడవలో ఎవరిని ఎక్కించారో చరిత్ర రాసుకుంది. ఒడ్డున ఎవరిని వదిలేశారో మనం అడిగి తెలుసుకోవాలి. మీ ఊరు గానీ, మీ తాతల ఊరు గానీ ఏదైనా డ్యామ్ కింద పోయి ఉంటే ఆ ఊరి పేరు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పేర్లన్నీ చదువుదాం. ఉంటాను.