పాదు

పెద్దవాళ్ల దొడ్డి చేతికొచ్చినప్పుడు అందరూ ముందు ఆకుల వంకే చూస్తారు. గోడకెక్కిన ఆ తీగ ఏమిటి, బావి పక్కన ఆ మాను ఏమిటి అని. నేనైతే ముందు నేల చూడమంటాను. మొదలు చుట్టూ గుండ్రంగా తవ్విన పల్లం, దానికో మట్టిగట్టు ఉంటాయి. ఎంత పూడినా ఆ ఆనవాలు మిగిలితే అది పాదు. ఆ మొక్కకు ఎవరో నీళ్లు పోశారన్నమాట.

పాదు అచ్చతెలుగు మాట. తమిళంలో పాత్తి, కన్నడంలో పాతి దీని తోబుట్టువులు. అక్కడా తోటలో కట్టుకునే మడే. సంస్కృతంలో చెట్టుకు పాదపమని పేరు, పాదాలతో తాగేది కనుక. వినడానికి దగ్గరగా ఉన్నా ఆ పాదం వేరు, ఈ పాదు వేరు. సంస్కృతంలో పాదుకు సాటివచ్చేది ఆలవాలం. ఇవాళ పత్రికల్లో ‘అవినీతికి ఆలవాలం’ అని చదివేవాళ్లకు అందులో చెట్టుగానీ నీళ్లుగానీ తట్టవు. పాదుకొను, పాదుకొల్పు అన్న క్రియల్లోనూ అర్థం వేళ్లూనడం దాకా, నెలకొల్పడం దాకా వెళ్లింది కానీ, పాదు అన్న పేరు మాత్రం పెరట్లోనే ఉంది.

పైగా తెలుగు ఆ గుంట పేరును తీగకే పెట్టింది. బీరపాదు, సొరపాదు, కాకరపాదు, చిక్కుడుపాదు. పాదు పందిరెక్కిందంటాం, పాదు కాపుకొచ్చిందంటాం. వేపమానుకు చుట్టుకుని దారాల్లాంటి వేళ్లు వేలాడదీసే తిప్పతీగను, కంచె అల్లుకున్న దూసరితీగను, గురివిందను మాత్రం అలా అనం. వాటిని ఎవరూ పెట్టలేదు.

ఈ తేడా దొండ దగ్గర బాగా తెలుస్తుంది. పందిరి మీద దొండపాదు, కంచె మీద చేదు కాకిదొండ. వృక్షశాస్త్రంలో రెండూ ఒకటే జాతి, కాక్సీనియా గ్రాండిస్. 1859లో వాల్టర్ ఇలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే పుస్తకంలో ఉత్తర సర్కారుల తెలుగు చెట్ల పేర్లకు శాస్త్రనామాలు జతచేశాడు. ఆ పనంటే నాకెంతో గౌరవం. అయినా శాస్త్రనామం జాతిని చెప్పగలదు, దాన్ని ఎవరు పెట్టారో చెప్పలేదు. దొండలో ఆడ, మగ తీగలు వేరువేరు. కూరకు పెంచేది ఆడతీగ. దాని ముక్కే కోసి నాటుతారు. ఏళ్ల తరబడి తెల్లగా పూస్తూ ఒక్క కాయా కాయని తీగ మగది. చాలావరకు పిట్టలు వేసిన గింజ నుంచి మొలిచిందే అయివుంటుంది.

పాదు కట్టే తీరు నేలను బట్టి మారుతుంది. బాపట్ల ఇసుకలో సరుగుడు, జీడిమామిడి తమంతట తాము నెట్టుకొస్తాయి. కూరపాదుకు మాత్రం పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోతాయి. పెంటమట్టి వేసి లోతుగా కట్టాలి. తెనాలి కాలవల కింద నల్లరేగడిలో భయం ఇందుకు తలకిందులు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, అందుకని మొదట్లో మట్టి ఎగదోసి నీటిని చుట్టూ తిప్పుతారు. రేపల్లె దిగువన సముద్రం వైపు, ఉప్పు తగిలే నేలల్లో, పాదులో పోసే మంచినీళ్లే మొక్కకు ఆధారం.

అందుకే పాత దొడ్డి శుభ్రం చేయించేటప్పుడు పారతో చదును చేయించకండి. పూడిన పాదులకు గుర్తుగా పుల్లలు పాతి, ఒక వానాకాలం, ఒక పూతకాలం గడవనివ్వండి. ఆకును చూసి తేల్చుకోలేని తీగలు ఎన్నో పూతకొస్తే తెలిసిపోతాయి. ఆలోగా పక్కింటి మామ్మగారిని అడగండి, ఇక్కడ ఏ పాదు ఉండేదని.